వెనక గేటు అడిగిన మనిషి

పెళ్లికి వెబ్‌సైట్ పెట్టాలన్న ఆలోచన నాది కాదు, అప్పటికి నాకు కాబోయే మొగుడిది. ఇద్దరిదీ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒకే ఆఫీసు. "పత్రిక ఇచ్చినా ఎవరూ చదవరు, మళ్లీ ఫోన్ చేసి అవే అడుగుతారు. అన్నిటికీ ఒక్కచోటే జవాబులు రాసి పెట్టేద్దాం" అన్నాడు. సైట్ తను తయారు చేసి, జవాబులు రాసే పని నాకు అప్పజెప్పాడు. నాది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్లు చేసినదాన్ని నమ్మకుండా ఉన్నందుకే నాకు జీతం. అలాంటిదాని చేతిలో పెట్టాడు, ఆయన ఖర్మ.

పేజీ అడుగున ఒక డబ్బా ఉండేది. ఎవరైనా అందులో ప్రశ్న రాయొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. మొహమాటం లేకుండా అడుగుతారని ఆయనే అలా పెట్టాడు. నేను జవాబు రాయగానే ప్రశ్నతో సహా అందరికీ కనిపిస్తుంది.

మొదటి వారం నవ్వుకుంటూనే రాశాను. మటన్ ఉందా అని మావాళ్లు, ఉల్లిపాయ లేని భోజనం ఉంటుందా అండి అని కోస్తా నుంచి ఆయన తరఫు వాళ్లు. గురువారం పెట్టారేమిటి, ఎవరికి సెలవు దొరుకుతుంది అని ఒకరు. ముహూర్తం నేను పెట్టానా! పార్కింగ్ ఎక్కడ అని దూరపు చుట్టం ఒకాయన పేరు రాసి మరీ మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ చెప్పాను. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కితే ఎక్కడ దిగాలో, ఎంత దూరం నడవాలో కూడా రాశాను. మా నాన్న లేడు కాబట్టి పీటల మీద బాబాయి, పిన్ని కూర్చుంటారని ఇంట్లో అనుకున్నాం. ఎవరో అడిగితే అదీ రాశాను.

ఆ తర్వాత వచ్చింది ఆ ప్రశ్న. "ఫంక్షన్ హాలుకు వెనక గేటు ఉందా అండి?"

వెనక గేటుతో పనేమిటి? వంటవాళ్లకు దారి తెలుసు, డెకరేషన్ వాళ్లకు తెలుసు. చుట్టాలు ముందు గేటు నుంచే వస్తారు, పన్నీరు చల్లించుకుంటారు, ఫొటో దిగుతారు. జవాబు రాయకుండా వదిలేశాను. రెండు రోజులకు ఇంకోటి. "మండపానికి దూరంగా, స్తంభాల చాటున కుర్చీలు వేస్తారా అండి?" ఆ మర్నాడు మూడోది. "తాళి కట్టేటప్పుడు ఎవరికీ కనపడకుండా నిలబడి చూసే చోటు ఉందా అండి?"

నాకు ఒళ్లు భగ్గుమంది. ఇది ఆడమనిషి రాసిందే. ఈయనతో ఇంతకుముందు వ్యవహారం నడిచిన మనిషే. నా పెళ్లిలో స్తంభం చాటున నిలబడి కళ్లొత్తుకోవడానికి చోటు చూసుకుంటోంది. ఇంకేం కావాలి? మూడు ప్రశ్నలూ పొద్దున పదకొండు గంటలకే వచ్చాయి. ఈయన టీకి వెళ్లేదీ పదకొండుకే. ఆ టైములో ఎవరితో మాట్లాడుతున్నాడో చూద్దామని రెండు రోజులు లిఫ్టు పక్కన కాపు కాశాను. ఆయన టీ తాగాడు, రెండో రోజు సమోసా తిన్నాడు. అంత మామూలుగా ఉండటమే నాకు మరీ అనుమానంగా తోచింది.

చివరికి క్యాంటీన్‌లో కూర్చోబెట్టి ఫోన్ ముందు పెట్టాను. "ఎవరామె?"

"నాకేం తెలుసు? ఎవరో ఆకతాయిలు అయ్యుంటారు."

"ఆకతాయిలు అండీ గిండీ అనుకుంట రాస్తరా? మీ దిక్కు మనిషే ఇది. నిజం చెప్పు."

"నాకెవరూ లేరని మొదటి రోజే చెప్పాను కదా. నమ్మకం లేకపోతే ఈ పెళ్లెందుకు చెప్పు?" అన్నాడు. ఫోన్ నా వైపు తోసేశాడు. అది బాధతోనా, భయంతోనా నాకు తేలలేదు. ఆమె ఎవరో తేలేదాకా పత్రికలు పంచొద్దని చెప్పి లేచి వచ్చేశాను. బెదిరించడానికి అనలేదు. అలాంటి మనిషి ఉన్నట్టు తేలితే నేను ఆ పీటల మీద కూర్చునేదాన్ని కాదు.

ఆ సాయంత్రం ఖాజాగూడలో మా ఇంటికి రాగానే అమ్మ ముందు వెళ్లగక్కాను. అమ్మ నానక్‌రామ్‌గూడలో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తుంది. పొద్దున్నే వెళ్లి వండి వచ్చి, మళ్లీ నాకు చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. మూడు ప్రశ్నలూ చదివి వినిపించాను.

"పోనీయ్ బిడ్డా. అడిగితే ఏమైతది? ఎవరో పాపం" అంది తల ఎత్తకుండా.

"పాపమా? నువ్వు ఆయన్నే ఎనకేసుకొస్తవ్ ఎప్పుడూ!" అని గయ్యిమన్నాను. ఈమెకు కూడా ఏదో తెలుసు, పెళ్లి ఆగిపోతుందని దాస్తోంది అనుకున్నాను. అక్కడే కూర్చుని జవాబు రాసి, గట్టిగా చదివాను. "పిలవని వాళ్లకు వెనక గేటు లేదు, ముందు గేటూ లేదు. చాటుగా నిలబడి చూడాల్సిన మనుషులు మా పెళ్లికి రానక్కర్లేదు."

"మంచిగుందా?" అన్నాను.

"మంచిగ రాసినవ్" అంది అమ్మ. తుంచిన చిక్కుళ్లు తీసుకుని లోపలికి వెళ్లింది.

మూడో రోజు జాకెట్టు కొలతలకు అమ్మను తీసుకెళ్దామని పదకొండు గంటలకు హాస్టల్‌కు వెళ్లాను. మధ్యాహ్నం షిఫ్టుకు తయారవుతున్న, ఆ హాస్టల్‌లోనే ఉండే ఒకమ్మాయి నన్ను మెట్ల దగ్గర ఆపింది. నా వయసే ఉంటుంది, మాటలో గోదావరి వైపు యాస. "మీరు ఆంటీగారి అమ్మాయి కదండీ? మీతో ఒక మాట. ఆ వెబ్‌సైట్‌లో ప్రశ్నలు నేనే పంపానండి. ఆంటీకి టైపు చేయడం రాదు కదా, చెబుతుంటే రాశాను. మీ జవాబు వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ సరిగ్గా తినట్లేదండి. ఏమన్నా తప్పు రాశానేమో అని..."

చెంప మీద కొట్టినట్టయింది. నేను వెతికిన మనిషి వంటింట్లో గిన్నెలు సర్దుతోంది.

లోపలికి వెళ్లి, "నన్నెందుకు అడగలే అమ్మా?" అన్నాను.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీ బాబాయి అన్నడు, మంగళసూత్రం కట్టినంకనే ఇటు రా వదినె, అప్పటిదాక వంటల కాడ ఉండుమని. ముత్తయిదువలు ఉండే జాగ గదా. నిన్నడిగితే నువ్వు ఆయనతోని కొట్లాడుతవ్. పెండ్లి ముంగట లొల్లెందుకని. నాకేం పరేషాన్ లేదు బిడ్డా, జర చాటుకెళ్లి చూస్తే అయిపాయె అనుకున్న."

"పేరన్నా చెప్పొద్దా?"

"పేరు అడగదంట గద అది." గిన్నె బోర్లిస్తూ, నా వైపు చూడకుండానే అంది. "అందరికి మంచిగ చెప్పినవ్. యాడ దిగాలె, యాడ బండి పెట్టాలె, అన్నీ ఆ పిల్ల రోజు సదివి వినిపించేది. నా బిడ్డకు ఎంత ఓపికనో అనుకున్న. నాగ్గూడ చెప్తవనుకున్న."

తప్పులు పట్టడానికి జీతం తీసుకునేదాన్ని, బాబాయి పిన్ని పీటల మీద అన్నప్పుడు సరే అన్నాను. మరి అమ్మ ఎక్కడ అని ఒక్కసారి అడగలేదు. దూరపు చుట్టం కారు గురించి మూడుసార్లు ఆలోచించాను. ఆ వంటింట్లో నిలబడి నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను.

ఫోన్ తీశాను. వెనక గేటు జవాబు చెరిపేశాను. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నేనే రాసి, దాని కింద జవాబు రాసి పెట్టాను.

"ఏం రాసినవ్?" అంది భయంగా.

"పెళ్లికూతురి అమ్మ ఎక్కడ ఉంటుంది అని. మండపం మీద, కూతురి పక్కన, పెళ్లి మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా అని."

"మీ బాబాయి సదువుతడు."

"సదవనీ."

అమ్మ స్టవ్ కట్టేసింది. పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"మళ్ల సదువు" అంది.