జీపు ముందర గజ్జెల పరీక్ష

పోయిన నెల ఆర్మూరు పోయినప్పుడు అక్క కొడుకు తన కారు డిక్కీ తెరిచి, అరచేతికన్నా కాస్త పెద్దదైన నల్లపెట్టె ఒకటి చూపించాడు. కారు సెకండ్ హ్యాండుదే గాని, దానికి వాడు చేసే ముస్తాబు కొత్త పెళ్ళికూతురికి కూడా చేయరు. "చిన్నమ్మా, ఆంప్లిఫయర్. అగ్గువకు దొరికింది. నువ్వు కాలేజీల ఫిజిక్స్ చెప్పినదానివి గద, జర ఇని మంచిగున్నదో లేదో చెప్పు," అన్నాడు. నన్నడగకు అన్నాను. వాడు నిజంగానే కంగారుపడ్డాడు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి మున్సిపాలిటీ మోరీల దాకా ఎవరూ అడగకుండానే అభిప్రాయం చెప్పే మనిషిని నేను. పెళ్ళిపందిట్లో పంతులుతో ముహూర్తం మీద వాదించి, పీటల మీద ఉన్న పెళ్ళికొడుకుకు ఆవలింతలు తెప్పించిన చరిత్ర నాది. అలాంటిదాన్ని అడిగినా చెప్పనంటే వాడికేం తోస్తుంది పాపం. "బీపీ గోలి ఏసుకున్నవా, లేదా?" అన్నాడు.

బీపీ బాగానే ఉంది. కాని ఆ వాకిట్లో, అరుగు మీద వాళ్ళ నాయిన కూర్చుని ఉండగా, ఆంప్లిఫయర్ మీద తీర్పు చెప్పే మొహం నాకు లేదు. అలాంటి తీర్పు ఒకసారి చెప్పాను. తీర్పు తప్పు కూడా కాదు. అదే వచ్చిన చిక్కు.

ఎనభైల చివర్లో మాట. నేను నిజామాబాదులో బీఎస్సీ ఆఖరి సంవత్సరం. మా బావ, అంటే అక్క పెనిమిటి, ఒక పసుపు సేటు దగ్గర పనిచేసేవాడు. ఆ సేటుకు పాలిష్ షెడ్డు ఉండేది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములు చూడటానికి ముసలివాళ్ళ వేళ్ళలా గరుకుగా ఉంటాయి. వాటిని ఇనప డ్రమ్ములో పోసి ఇంజనుతో తిప్పితే పైపొట్టు రాలి మెరుపు వస్తుంది. ఆ చప్పుడు వినాలి. రేకుల కప్పు మీద రాళ్ళవాన పొద్దున మొదలై సాయంత్రం దాకా ఆగకపోతే ఎట్లా ఉంటుందో అట్లా. షెడ్డులో పనిచేసేవాళ్ళు ఇంటికొచ్చి పక్కన కూర్చున్న పెళ్ళాంతో కూడా పొలం అవతలి గట్టున ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. మా బావ అట్లా పదకొండు సీజన్లు డ్రమ్ముల దగ్గర చేశాడు. అక్క ఎన్నిసార్లు ఉతికినా ఆయన దిండుగలీబు పసుపు వదిలేది కాదు.

తర్వాత సేటు ఒక జీపు కొని, ఆర్మూరు నుంచి మెండోరకు మనుషులను తిప్పడానికి బావ చేతికి తాళంచెవి ఇచ్చాడు. ఆ వారమే బావ రెండు తెల్ల చొక్కాలు కుట్టించుకున్నాడు. షెడ్డులో పనిచేసేవాడికి తెల్ల చొక్కా ఎట్లా కుదురుతుంది? పొద్దున్నే తడిగుడ్డతో స్టీరింగు తుడిచి, తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని కూర్చుంటే, బీడీల గంపలతో కార్ఖానాకు పోయే ఆడవాళ్ళు "డ్రైవర్ సాబు" అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపుకు ఆయన మెడ ఇంకో అంగుళం పొడుగయ్యేది. మెండోరలో మా ఇంటి నుంచి నేను హాస్టలుకు పోయే సోమవారాల్లో నా ట్రంకుపెట్టెను తనే మోసుకొచ్చి ముందు సీటు కింద పెట్టి, "బీఎస్సీ గూసున్నది, జర జరుగుండ్రి," అనేవాడు. ఆ మూడక్షరాలు ఆయన నోట ఏదో బిరుదులా వినబడేవి.

ఆ రోజుల్లో ఆ దారిలో జీపులదే రాజ్యం. ఏ జీపులో పాటలు బాగుంటే ఆ జీపు ముందు నిండేది. ఎదుటి జీపువాడు పెద్ద స్పీకర్లు పెట్టించేసరికి మన జీపు ఖాళీగా ఈగలు తోలుకోవడం మొదలైంది. సేటు మనసు కష్టపెట్టుకుని, పాత బస్టాండు దగ్గర దుకాణం పెట్టుకున్న రేడియోల మామ దగ్గర అన్నిటికంటే అగ్గువ ఆంప్లిఫయర్ ఒకటి కొన్నాడు. ఆయన నాకు వరసకేం మామ కాదు. ఊళ్ళో రేడియో పాడైన ప్రతి ఇంటికీ మామే. ఆ పెట్టె మీద మెరుపుతీగ బొమ్మ, దాని కింద 'జపాన్', దాని కింద 'ఎనభై వాట్లు'. మూత తీస్తే లోపల రెండు తీగలకు చుట్టిన కాగితం ముక్కల మీద అచ్చతెలుగులో 'కుడి', 'ఎడమ' అని మామ చేతిరాత.

గొడవ బావే మొదలుపెట్టాడు. ఒక పాట చరణానికి ముందు గజ్జెలు మోగుతాయట, పెండ్లిళ్ళ మైకుల్లో ఎన్నోసార్లు విన్నాడట, ఈ పెట్టె వాటిని మింగేస్తున్నదట. గజ్జెల కోసం సన్నశబ్దాలను పెంచే ట్రెబుల్ బిరడాను చివరిదాకా తిప్పేవాడు. వెనకాల కూర్చున్న ఆడవాళ్ళు చెవుల్లో సూదులు గుచ్చినట్టుందని మొత్తుకునేవాళ్ళు. పెట్టె మార్చాలని బావ, నా పెట్టెకేం ఖరాబైందని మామ, ఇంకో పైసా తీయనని సేటు. చివరికి బావే అన్నాడు: "మా మరదలు బీఎస్సీ. ఆదివారం ఈడికి వస్తది. గామె ఏమంటే గది. నేను ఒప్పుకుంట."

ఆదివారం పొద్దున పదింటికి రేడియో దుకాణం ముందు జీపు ఆపి, నా కోసం స్టూలు కూడా వేసి పెట్టారు. ఇరవై ఏళ్ళ పిల్లను అట్లా కూర్చోబెడితే ఇంకేముంది! ముందు మామ పని పట్టాను. ఫ్యూజు బయటికి తీయించి చూశాను. "మామా, ఇది మూడు ఆంపియర్ల ఫ్యూజు. బ్యాటరీ పన్నెండు వోల్టులు. పన్నెండు మూళ్ళు ముప్పయ్యారు. మరి ఎనభై వాట్లు యాడికెళ్ళి వస్తున్నయి, జపాన్ నుంచా?" మామ నెత్తి గోక్కుని, "వాట్లు రాసేందుకు గాని లెక్కపెట్టేందుకా బిడ్డా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నవ్వు నాకు అప్పట్లో కల్లు కన్నా త్వరగా ఎక్కేది. అక్కడితో ఆపి, "వాట్లు అబద్ధం, పెట్టె ఫర్వాలేదు," అని లేచి ఉంటే ఈ కథే లేదు.

లేవలేదు. గజ్జెల సంగతి కూడా తేల్చేస్తానన్నాను. అందరినీ జీపుకు వీపు పెట్టి నిలబెట్టాను: సేటు, మామ, బావ, బండికోసం చూస్తున్న ఇద్దరు బీడీ ఆడవాళ్ళు. కళ్ళు మూసుకోండి, గజ్జెలు వినబడ్డప్పుడు చెయ్యెత్తండి. బావ చెప్పిన పాటే పెట్టాను. నాలుగు చేతులు లేచాయి, సేటుది ఉంగరంతో సహా. బావ చెయ్యి లేవలేదు. ప్రయోగం మూడుసార్లు చేయాలని మా మేడం చెప్పింది కదా, మళ్ళీ పెట్టాను. మళ్ళీ నాలుగే. మూడోసారి ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కుమంది. ఆ నవ్వు విని బావ కూడా చెయ్యెత్తాడు. అప్పటికి గజ్జెలు ఆగిపోయి పాట చరణంలోకి వచ్చేసింది. ఒక్కడే, కళ్ళు గట్టిగా మూసుకుని, తెల్ల చొక్కా చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

ఆయన చెయ్యి దించేదాకానైనా నేను ఆగాలి. ఆగలేదు. "ఆంప్లిఫయర్ మంచిగనే ఉంది బావా, నీ చెవులే రిపేరుకియ్యాలె!" అన్నాను. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు, జర ఆలస్యంగా.

నవ్వనిది సేటు ఒక్కడే. బావకు ఎదురుగా వచ్చి, "అరే, నీకు చెవులు ఇనబడయా? మరి ఎనుక లారీ హారన్ కొడ్తే ఎట్లరా? జీపు నిండ మంది ఉంటరు," అన్నాడు.

బావ నా వైపు చూశాడు.

జవాబు నాకు తెలుసు. గజ్జెలు సన్నని, బాగా పైస్థాయి శబ్దం. డ్రమ్ముల దగ్గర చెవులు మొదట పోగొట్టుకునేది దాన్నే. హారను మోత కిందిస్థాయిది, అది వినబడుతుంది. పుస్తకాల్లో చదివిందే కాదు, కళ్ళతో చూశాను కూడా. ముందు రోజు శనివారమే హాస్టలు నుంచి వస్తూ ఆయన పక్కన కూర్చుని మెండోర పోయాను. ఎక్కడో వెనక లారీ హారను కొడితే, నేను తల తిప్పకముందే ఆయన జీపును పక్కకు తీసి దారిచ్చాడు. ఈ రెండు ముక్కలూ చెబితే చాలు. నేను పరీక్షించింది ఒక్క రకం శబ్దాన్నే సేటూ, హారను సంగతి వేరు అంటే చాలు. అట్లా అంటే నా గెలుపుకు చిన్న మినహాయింపు పెట్టినట్టవుతుంది. అందరూ నన్నే మెచ్చుకోలుగా చూస్తున్న ఆ నిమిషంలో ఆ మినహాయింపు పెట్టుకోబుద్ధి కాలేదు. పంతులుతో, కండక్టరుతో, హాస్టలు వార్డెనుతో వాదించిన నోరు ఆ ఒక్కరోజు ఫ్యూజును అటూఇటూ తిప్పి చూస్తూ మూసుకుని కూర్చుంది.

బుధవారం సేటు తాళంచెవి తీసుకున్నాడు. మంచిగానే మాట్లాడాడట. "ఫికర్ చేయకు, షెడ్డుల నీ పని నీకుంది," అన్నాడట. బావ మళ్ళీ డ్రమ్ముల దగ్గరికి పోయాడు. తెల్ల చొక్కాలు రెండూ అక్క ట్రంకులో పెట్టి తాళం వేసింది. ఏ చప్పుడు ఆయన చెవులను సగం తిన్నదో, మిగతా సగం కూడా దాని ముందే పెట్టి వచ్చాను నేను. తొంభైలు గడిచేసరికి ఆయనకు గజ్జెలే కాదు, పక్కగదిలో అక్క పిలుపు కూడా వినబడటం మానేసింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి నేనే కదిలిస్తే, "ఉన్నదే చెప్పినవ్ గద సెల్లె," అంది. తిడితే నేనూ తిరిగి వాదించేదాన్ని. ఆ మాటకు ఏమని వాదిస్తాను? కాలేజీలో ఏటా ధ్వని పాఠం వచ్చేది. సన్నని శబ్దానికి ఉదాహరణ చెప్పాల్సి వస్తే దోమ అనేదాన్ని, ఈల అనేదాన్ని. ముప్పై ఏళ్ళలో గజ్జెలు అన్న మాట నా నోట రాలేదు.

పోయిన నెల అక్క కొడుకు నాతో లాభం లేదని, తనే పాట పెట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడు. నేను వెళ్ళి అరుగు మీద బావ పక్కన కూర్చున్నాను. ఆయన తెల్ల చొక్కాలోనే ఉన్నాడు. షెడ్డు ఎప్పుడో మూతపడింది. ఎన్నాళ్ళుగానో దాచిన మాటను ఎవరైనా మెల్లగా, గొంతు తగ్గించి చెప్పాలనుకుంటారు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. "ఏందీ?" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. ఇంకాస్త గట్టిగా అన్నాను. "ఏం పాటనా?" అన్నాడు. ఇక లాభం లేదని గొంతెత్తాను. "బావా! గా దినం! నీకు హారన్ ఇనబడుతుండె! నాకు ఎరుకనే! నేను చెప్పలే!" కొడుకు పాట ఆపేశాడు. అక్క చేట పట్టుకునే తలుపులోకి వచ్చి నిలబడింది. ఎదురింటి ఆవిడ గోడ మీంచి తొంగి చూసింది. ఆయనతో రహస్యంగా పశ్చాత్తాపపడే సౌకర్యం కూడా నాకు లేకుండా చేసుకున్నది నేనే.

బావ చెవి దగ్గరి చెయ్యి దించాడు. తర్వాత, వినబడనివాళ్ళు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో, వీధంతా వినేట్టు, కోపమేమీ లేకుండా అన్నాడు: "ఎందుకు ఇనబడదు పిల్లా, మంచిగ ఇనబడుతుండె. నాకు చెప్పరాదు గద గా ఫిజిక్స్. నువ్వు చెప్తవనే నీ దిక్కు చూసిన."

ఆ చూపును నేను ఇన్నేళ్ళూ కోపమనుకున్నాను. కోపమనుకుంటే కాస్త సులువుగా ఉండేది. ఆ పొద్దున ఆయన తరఫున జవాబివ్వడం అర నిమిషం పని. ఇప్పుడు వీధంతా వినేట్టు అరిచి ఇచ్చాను గాని, అది విని తాళంచెవి తిరిగివ్వాల్సిన సేటు పోయి పన్నెండేళ్ళయింది.