మంద ఇంటికి చేరేదాకా

గురువుగారు పోయారన్న కబురు మొదట నా ఫోనుకే వచ్చింది. రావడం న్యాయమే. ఆయన తప్పెటగుళ్ళ జట్టుకు బేరాలన్నీ ఏళ్ల తరబడి ఆ ఫోనుకే వచ్చాయి. పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తుతుంటే మోగింది. జట్టులో గోపురం కట్టినప్పుడు అందరి భుజాలూ ఎక్కి చివరన నిలబడే అబ్బాయి, "అక్కా, గురువుగోరు నిద్దట్లోనే ఎలిపోనారు" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, ప్రశ్న వచ్చింది. మొన్న టెక్కలి వైపు ఆడారు కదా, కథ పూర్తయిందా అని అడిగాను. "అయింది. మంద ఇంటికి సేరిపోనాది" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఆయన నాకు ఏ విద్యా నేర్పలేదు. ఊరంతా గురువు అంటుంది కాబట్టి నేనూ అన్నాను. మాది నరసన్నపేటలో సర్వీసు రోడ్డు పక్క కిరాణా కొట్టు, వారిది వెనక వీధి. నన్ను "సావుకారమ్మా" అని పిలిచేవారు. అందులో గౌరవం ఎంతో వెక్కిరింపూ అంతే. సెల్‌ఫోను ఆయనకు పడదు. చెవిలో చీమలు వదిలినట్టుంటుందట. అందుకని జట్టు బ్యానరు మీద మా కొట్టు నంబరు వేయించేశారు, నన్నొక మాట అడగకుండా. అడిగితే వద్దనేదాన్ని. వద్దని ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసే అదృష్టం నాకు ఉండేది కాదు.

తప్పెటగుళ్ళు చూడనివారి కోసం చెప్తాను. గుండ్రటి రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, వలయంగా తిరుగుతూ, వాయిస్తూ, పాడుతూ, ఎగురుతూ కథ చెబుతారు. ఇవన్నీ ఒకేసారి. మనకు మెట్లెక్కితేనే ఆయాసం. గురువు నడుమ నిలబడి కథ నడిపిస్తారు. ఆయన కథ ఒకటే: ఇద్దరు అన్నదమ్ములు ఆవుల మందను అడవికి తోలుకెళ్ళడం, వానా వరదా పులీ దాటించి మళ్ళీ ఇంటికి తోలుకురావడం. చివర్లో దొడ్డి వాకిట నిలబడి ఒక్కొక్క ఆవునూ పేరుపెట్టి అడుగుతారు. ఎర్రావొచ్చిందా అంటే వచ్చీసినాది అని చూసేవాళ్ళు అరవాలి. బొల్లావొచ్చిందా? వచ్చీసినాది. అన్నీ వస్తేనే కథ అయినట్టు.

సాయంత్రాలు కొట్టు అరుగు మీద గోళీసోడా పట్టుకుని కూర్చుని ఆటకు ఎవరు డబ్బెలా ఇస్తారో చెప్పేవారు. ఊరి పండగ కమిటీలు ఇచ్చేది తక్కువ, కానీ కడుపునిండా అన్నం పెట్టి, తువ్వాలు కప్పి, చివరిదాకా కూర్చుంటారు. సర్కారు సభలో శాలువా ముందొస్తుంది, డబ్బు దాని వెనకాల నడిచి వస్తుంది. రాజకీయ సభలంటే ఆయనకు ఇష్టం. నాయకుడు వచ్చేదాకా ఆడమంటారు, నాయకుడు ఎలాగూ ఆలస్యంగానే వస్తాడు, ఈలోగా మంద ఇంటికి చేరిపోతుంది. సినిమావాళ్ళు అందరికంటే ఎక్కువిచ్చారు. తిరిగొచ్చి చెప్పిందేమిటంటే, "పొద్దున్నుంచి సాయంత్రందాకా ఒకే ఆవుని ఒకే గేటు దాటించారమ్మా." ఇక పెళ్ళిళ్ళకూ షాపు ప్రారంభాలకూ మాట్లాడే ఈవెంటు కంపెనీలు. డబ్బు ఫోన్లో టక్కున పడుతుంది. గేటు దగ్గర పది నిమిషాలు ఆడితే చాలు, పొమ్మంటారు.

ఆ పది నిమిషాల దగ్గరే ఆయనకూ నాకూ పేచీ. పూర్తి కథకు ఒక రేటు చెప్పమన్నారు. పది నిమిషాలకు ఎంత అంటే దానికి రెట్టింపు చెప్పమన్నారు. నేను పుట్టింది కొట్లో, పెరిగింది కొట్లో. పావుకిలో కందిపప్పు బస్తా కంటే ఖరీదని చెబితే జనం నా మొహాన ఉమ్మేస్తారు అన్నాను. ఆయన సోడా పూర్తిగా తాగి, సీసా జాగ్రత్తగా పక్కన పెట్టి చెప్పారు.

"ఆడ్డానికి తక్కువే తీసుకుంతన్నాను, సావుకారమ్మా. ఆపడానికే ఎక్కువ. మందని అడివిలో ఒగ్గేసి మనం అన్నానికెలా కూకుంటాం సెప్పు?"

చాదస్తం అనుకున్నాను. తరవాత తెలిసింది, పది నిమిషాల బేరానికి వెళ్ళినప్పుడల్లా తిరుగు దారిలో వ్యానులోనే మిగతా కథంతా పాడేవారట, తప్పెటలు విప్పేసి, చేతులతో సీటు మీద తాళం వేసుకుంటూ. ఇల్లు చేరేలోపు చివరి ఆవుదాకా రావాల్సిందే. రాకపోతే వ్యాను వీధి మలుపులో ఆపించి అక్కడ ముగించేవారు. ఆ పనికి కూలి ఎవరిస్తారు? అర్థమయ్యాక నేను మళ్ళీ నోరెత్తలేదు. రేటు చెప్పగానే అటువైపు ఫోను పెట్టేస్తే పెట్టేయనీ అనుకునేదాన్ని. విచిత్రం, చాలామంది పెట్టేసేవారు కాదు. ఖరీదైనదంటే మంచిదనుకునే జనం ఉన్నారు కదా.

అలా ఉండగా విశాఖపట్నం నుంచి ఒక ఈవెంటు కంపెనీ కుర్రాడు వచ్చి, జట్టులో సగం మందిని నెలజీతానికి అడిగాడు. వయసులో ఉన్నవాళ్ళు కావాలి, గేటు దగ్గర పది నిమిషాల ఆట, ఉండడానికి గది. గురువు అక్కర్లేదు. గోపురం ఎక్కే అబ్బాయికి అప్పుడే పాప పుట్టింది. హైదరాబాదులో ఏ అపార్టుమెంటు ముందో కాపలాకి వెళ్ళడం కంటే ఇది నయమే కదా అని నా కొట్టు ముందు నిలబడే లెక్క వేశాడు. తప్పని నేనూ అనలేకపోయాను. కానీ సగం వెళ్తే వలయం ఉండదు, గోపురం లేవదు, కథ ఆయనతోనే పోతుంది. ఇది ఆయనకూ తెలుసు. ఒక్కరినీ ఉండమనలేదు. ఆ కంపెనీదే ఒక పెళ్ళి బేరం ఒప్పుకుని ఉన్నాం, అది కానిచ్చి మీ ఇష్టం అన్నారు.

ఆ పెళ్ళి భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున రిసార్టులో. బేరం నేను మాట్లాడాను కాబట్టి చూడాలని నేనూ వ్యానెక్కాను. పట్టుచీరల వాళ్ళు, నల్లకళ్ళద్దాల వాళ్ళు, పూల గేటు. మధ్యాహ్నం భోజనాలకు ముందు పెళ్ళివారు దిగారు, తప్పెటలు మోగాయి. అన్నదమ్ములు మందను అడవిలోకి తోలారు. వరద వచ్చే చోటికి ఈవెంటు కుర్రాడు ఇక చాలని చెయ్యెత్తాడు. గురువు మాట తప్పే మనిషి కాదు. వెంటనే ఆపించారు.

అప్పుడు చూశాను. గేటు పక్కన వంటవాళ్ళు, వడ్డన కుర్రాళ్ళు, గిన్నెలు తోమే ఆడవాళ్ళు గరిటెలతో, తడి చేతులతో నిలబడి ఉన్నారు. అందరూ మన వైపువాళ్ళే, క్యాటరింగుకి వచ్చినవాళ్ళు. అందులో ఒకామె కొంగుతో చేతులు తుడుచుకుంటూ గురువు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మందేది? అడివిలో ఒగ్గేసి ఎలిపోతారేటి?"

గురువు కుర్రాడి వైపు చూశారు. కుర్రాడు ఆమెను లోపలికి పొమ్మన్నాడు. ఆమె కదల్లేదు. ఆమె వెనక ఎవరూ కదల్లేదు. లోపల విస్తళ్ళు వేసి ఉన్నాయి, వడ్డించే దిక్కు లేదు. కాసేపటికి పెళ్ళికూతురి తండ్రే బయటికి వచ్చి ఏమైందని అడిగాడు. గురువు విషయం చెప్పారు. ఆ తండ్రి అందరి మొహాలూ చూసి, జోళ్ళు పక్కకు విడిచి, గడ్డి మీద కూర్చుని, "అయితే ఇంటికి తోలుకురండి" అన్నాడు.

నేను చాలా పండగల్లో ఆ కథ చూశాను. ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. మంద వరద దాటింది, పులి పారిపోయింది, పట్టుచీరలు గడ్డి మీద కూర్చున్నాయి. వలయం మధ్య గోపురం లేచింది. జీతానికి వెళ్దామనుకున్న వాళ్ళంతా కింద భుజాలిచ్చారు, పాప తండ్రి పైకెక్కి పిలిచాడు. ఎర్రావొచ్చిందా? గిన్నెలు తోమే ఆవిడ గొంతు ముందు లేచింది. బొల్లావొచ్చిందా? నల్లకళ్ళద్దాల వాళ్ళు కూడా వచ్చీసినాది అని అరిచారు, మన యాసలోనే. మాలాంటి ఊళ్ళ మాట ఆ గేటు దగ్గర అంత గట్టిగా మోగడం చూసి నా ఒళ్ళు పులకరించింది, దాచుకోవడం దేనికి.

పెళ్ళికూతురి తండ్రి లేచి ఇంకెంత ఇమ్మంటారని అడిగాడు. గురువు ఇవ్వక్కర్లేదన్నారు. పూర్తి కథ రేటు తక్కువ, కాబట్టి మీకే వెనక్కి రావాలని చెప్పి నా వైపు చూశారు. డబ్బు నా ఫోనులో ఉంది. వచ్చిన సొమ్ము తిరిగి పంపడం మా వంశంలో లేదు. పళ్ళు కొరుక్కుంటూ పంపాను. ఆ పెద్దమనిషి వద్దు వద్దంటూ నవ్వాడు, చివరికి తీసుకుని గురువు చేతులు పట్టుకున్నాడు. వడ్డన అప్పుడు మొదలైంది. మా జట్టుకే మొదటి పంక్తి.

తిరుగు దారిలో వ్యానులో పాడాల్సింది ఏమీ మిగల్లేదు. అందరూ హాయిగా నిద్రపోయారు. మర్నాడు గోపురం అబ్బాయి కొట్టు అరుగు దగ్గరికి వచ్చి గురువుతో చెప్పాడు, "జీతం మంచిదే గురువుగోరూ. గానీ రోజూ మందనొగ్గేయాల. నావల్ల కాదు." ఒక్కరూ వెళ్ళలేదు. నెల తిరక్కుండా ఆ ఈవెంటు కుర్రాడే ఫోను చేసి, పెళ్ళివాళ్ళు పూర్తి కథే అడుగుతున్నారు, రేటెంత అన్నాడు. గురువును అడిగాను. పూర్తి కథకు పెంచమన్నారు. పది నిమిషాలకు అంతకంటే పెంచమన్నారు. ఇప్పుడు జట్టులో ఎవరూ కాపలా పనులకు పోవడం లేదు.

ఆయన పోయిన రోజు ఇంకో చిక్కు వచ్చింది. పాడె వెంట కథ పూర్తిగా ఆడాలని జట్టు పట్టు. ఇంటి నుంచి శ్మశానం దగ్గరే, రైసుమిల్లు దాటితే చాలు. కథకు ఆ దూరం సరిపోదు. అడవి దాకా కూడా వెళ్ళలేం. పెద్దలు ఎండ ముదురుతోంది కానివ్వమన్నారు. గురువుగారి భార్య గుమ్మంలోంచే, "తిప్పండి. ఎండకేటి, ఆయన ఎన్నెండలు సూళ్ళేదు" అంది.

పాడెను సర్వీసు రోడ్డు మీదుగా తిప్పారు. జట్టు దాని చుట్టూ వలయం కట్టింది. ఆయన ఎప్పుడూ నిలబడే నడుమలోనే ఆయన ఉన్నారు. బస్టాండు వైపు, బజారు మీదుగా, మళ్ళీ మా కొట్టు ముందుకు. ఆటోలు ఆగాయి, లారీ డ్రైవర్లు దిగి తలపాగాలు తీశారు. ట్రాఫిక్ చూసే కానిస్టేబులు కాసేపు ఆపమంటే, ఆపడానికి రేటెక్కువ బాబూ అని ఎవరో అన్నారు. అతను నవ్వి పక్కకు తప్పుకున్నాడు. మధ్యలో నా ఫోను మోగింది. శ్రీకాకుళంలో ఏదో షాపు ప్రారంభం, పది నిమిషాలకు ఎంత అని. జట్టు కథలో ఉంది, అయ్యాక చెయ్యండి అన్నాను.

శ్మశానం వాకిట గోపురం లేచింది. పైన ఆ అబ్బాయి ఒక్కొక్క ఆవునే పిలిచాడు, రోడ్డంతా బదులు చెప్పింది. ఎర్రావు వచ్చింది, బొల్లావు వచ్చింది, కుంటి దూడ కూడా వచ్చింది. పిలవాల్సిన పేర్లు అయిపోయాయి. అతను దిగలేదు. కిందికి, పాడె వైపు చూసి ఇంకో పిలుపు పిలిచాడు.

"గురువొచ్చీసినాడా?"

వచ్చీసినాడు అని అందరం అరిచాం. అప్పుడు తప్పెటలు ఆగాయి.