దిష్టి గుమ్మడికాయ కూర

మొన్న మీరు బట్టలు కొనడానికి వెళ్లిన మాల్‌లో, మీరెక్కిన నడిచే మెట్లూ లిఫ్టూ కాకుండా కిందికి దిగడానికి రెండో మెట్లదారి ఎక్కడుందో చెప్పగలరా? చెప్పలేరు. గుమ్మం మీద తాడుకు వేలాడే బూడిద గుమ్మడికాయ ఏ వైపుందో మాత్రం చెప్పగలరు. దాన్ని కనిపించేటట్టు కట్టారు, మెట్లను కనిపించకుండా కట్టారు.

పోయిన నెల హైదరాబాదులో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే, నిలువెల్లా పచ్చ పరదా కప్పుకున్న ఒక పెద్ద మాల్ ముందు అప్పుడే పగలగొట్టిన గుమ్మడికాయ వాసన వచ్చింది. లేత దోసకాయ కోసినప్పటి పచ్చి వాసనలో కర్పూరం పొగ, తడిసిన సిమెంటు కలిస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటి వాసన. నా నోట్లో నీళ్లూరాయి. దిష్టి తీసి కొట్టిన కాయకు ఎవరికైనా నోరూరుతుందా అని మీరు నవ్వవచ్చు. నా చిన్నతనంలో కొంతకాలం ఆ మాల్ అడుగునే గడిచింది, ఆ కాయ మా ఇంటి కూర. పరదా మీద ‘కొత్త హంగులతో త్వరలో మీ ముందుకు’ అని రాసి ఉంది. నా చిన్నప్పుడూ అదే మాట రాసి ఉండేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కోస్గి దగ్గరి మా ఊళ్లో కందులు కొట్టడం అయిపోయి, చేలల్లో మోళ్లు మాత్రమే మిగిలిన రోజుల్లో, బాపు తాపీ సంచి భుజాన వేసుకుంటే, అమ్మ జొన్నపిండి మూట, అవ్వ కారంపొడి డబ్బా, నేను రొట్టెల పెనం పట్టుకుని బస్సెక్కాం. బాపు మేస్త్రి. అవ్వ బాపును కన్నతల్లి. ఒక్క ఎండాకాలం పని అని గుత్తేదారు చెప్పాడు. ఆ ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, మళ్లీ ఎండలు వచ్చాయి, మాల్ మరమ్మతు తెగలేదు. తెగనిది పని కాదు, మాల్ యజమాని సేటు భయం. వ్యాపారం దిగిపోయిందని ఆయన ఒక సిద్ధాంతిని పట్టుకున్నాడు. సిద్ధాంతి తూర్పు గుమ్మం అంటే పడమటి గుమ్మం మూసేవాళ్లు, నీళ్ల తొట్టి ఆ మూల కూడదంటే పగలగొట్టేవాళ్లు, నడిచే మెట్లు ఎదురుగా పోకూడదంటే విప్పి తిప్పి బిగించేవాళ్లు. బాపు కట్టిన గోడను బాపే కూల్చి, కూల్చిన చోట మళ్లీ కట్టేవాడు.

మేముండేది సెల్లార్‌లో, కార్లు నిలిపే జాగాలో. రేకులూ, పాత ప్రకటనల ఫ్లెక్సీలూ కట్టి చేసిన గుడిసెలు. మా గుడిసె గోడ మీద సినిమా తెర అంత పెద్ద ముఖం ఒకటి నగల హారం వేసుకుని తలకిందులుగా నవ్వుతూ ఉండేది. మూడు ఇటుకల పొయ్యి మీద అవ్వ రొట్టెలు కొట్టేది, స్లాబు పోయడానికి వాడిన సెంట్రింగు చెక్క ముక్కలు కాల్చడం వల్ల ఆ రొట్టెలకు కొంచెం నూనె, కొంచెం సున్నం కలిసిన వాసన ఉండేది, ఎల్లిపాయ కారంతో తింటే అది కూడా కమ్మగానే అనిపించేది. పగిలిన టైలు ముక్కలతో తొక్కుడుబిల్ల ఆడేవాళ్లం. నడవని నడిచే మెట్ల మీద పైకీ కిందికీ పరుగులు తీసేవాళ్లం. మాల్ సగం మూసి సగం తెరిచి ఉండేది కాబట్టి, అటు దుకాణాలకూ ఇటు పనికీ నడుమ ప్లైవుడ్ అడ్డం ఉండేది. దాని సందుకు చెంప ఆనిస్తే చల్లగాలి, వెన్నలో వేగే మక్కపేలాల వాసన వచ్చేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ సందు దగ్గర మాకు వంతులుండేవి. ఒక్కొక్కరం చెంప ఆనించి, కళ్లు మూసుకుని, లోపలికి ఎవరమూ వెళ్లకుండానే ఆ పేలాలు తినేవాళ్లం.

అవ్వ ఆ సెల్లార్‌కు పెద్దదిక్కు. కూలీల పసిపిల్లలందరికీ ఆమే నీళ్లు పోసేది. కాళ్లు బారజాపి, బిడ్డను వాటి మీద బోర్లించి, వీపు మీద చెయ్యి తిప్పుతూ ఏదో ఒకటి తిడుతూ ఉంటే, ఏడ్చే బిడ్డ ఊరుకునేది. ఊళ్లో మా వాడకట్టులో పుట్టిన ప్రతి బిడ్డా ఆ కాళ్ల మీద పెరిగిందే.

పని ఎక్కడ ఆగినా పూజ జరిగేది, పూజ జరిగిన ప్రతిసారీ గుమ్మడికాయ పగిలేది. అందరూ దాటుకుని పోయేవాళ్లు. అవ్వ మాత్రం వంగి, కుంకుమ అంటని పెద్ద ముక్కలు ఏరి కొంగులో వేసుకునేది. కడిగి, చెక్కు తీసి, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు వేసి పులుసు పెట్టేది. ముక్క నోట్లో వేసుకుంటే నీళ్లు చిమ్మేది. పూజల బంతిపూల దండలు కూడా వదిలేది కాదు, తంగేడు పువ్వు దొరకని ఆ నగరంలో రెండు బతుకమ్మలు వాటితోనే పేర్చింది. పక్క గుడిసె రాములమ్మ మొదట్లో భయపడింది.

“అవ్వా, దిష్టికాయ తింటే వాళ్ల దిష్టి మనకు తగుల్తదే.”

“తగలనీ పిల్లా. సేటుకు తగిలిన దిష్టి ఏంది? మస్తు సొమ్మున్నదని. గా దిష్టి మనకు తగిల్తె మంచిదే గద.”

ఆ తర్వాత రాములమ్మ కూడా గిన్నె తెచ్చేది.

ఒక రోజు సిద్ధాంతి ఈశాన్యం మూల నిలబడి తల అడ్డంగా ఊపాడు. అక్కడ కింది నుంచి పై అంతస్తు దాకా సన్నటి మెట్లదారి ఒకటి ఉండేది, ఆపద వస్తే జనం దిగడానికి కట్టినది. కూలీలు సామాను మోయడానికి వాడేది అదే. ఈశాన్యంలో బరువు ఉండకూడదట. మెట్లు కూల్చాలంటే కట్టడమే కదులుతుంది కాబట్టి, ప్రతి అంతస్తులోనూ దానికున్న తలుపు తీసేసి గోడ కట్టమన్నారు. కంటికి కనిపించకపోతే లేనట్టే లెక్కట. బాపు కట్టాడు. ఆ సాయంత్రం అన్నం దగ్గర అవ్వ ఊరుకోలేదు.

“తలుపు మూస్తె మెట్ల బరువు తగ్గుతదా కొడుకా? గట్లయితే నేను కండ్లు మూసుకుంట, నువ్వు సిమెంటు బస్తా అల్కగ ఎత్తు.”

“నీకెందుకే గీ ముచ్చట. చెప్పింది చేస్తున్నం, గంతే.”

బాపుకు ఆ వారమంతా ఒకటే దిగులు, తన గోడలకు నీళ్లు పట్టడం లేదని. ట్యాంకరు రావడం మానేసింది. తడపని గోడ అంటే ఆయనకు సగం ఉడికిన అన్నం లెక్క.

ఆ గోడలు అట్లా పచ్చిగా ఉండగానే, ఒక పొద్దున మూడో అంతస్తులో వెల్డింగు రవ్వలు ఫోమ్ షీట్ల మీద పడ్డాయి. మంట కంటే పొగ ముందు వచ్చింది, నల్లగా, జిగటగా, వెడల్పాటి పెద్ద మెట్లను వరదలా ముంచేసింది. ఆ అంతస్తులోనే కొత్త టైల మీది సిమెంటు మరకలు తుడుస్తున్న ఆడవాళ్లలో అమ్మ ఉంది. వాళ్లు పెద్ద మెట్ల వైపు వెళ్లలేక ఈశాన్యం మూలకు పరుగెత్తారు. ఇన్నాళ్లూ ఇటుకలు నెత్తిన పెట్టుకుని ఎక్కి దిగిన దారి అది, గోడ కట్టారని తలకు తెలుసు, కాళ్లకు తెలియదు. పోయి గోడకు తగిలారు.

సెల్లార్‌లోంచి పైకి పరుగెత్తిన నన్ను అవ్వ జుట్టు పట్టి ఆపింది. బాపు గడ్డపార తీసుకుని వెనక వైపు, కింద తను కట్టిన గోడను పొడవడం చూశాను. అది కూలింది. ఆయన చీకటి మెట్ల మీద పైకి పోయాడు. మూడో అంతస్తులో ఇవతల నుంచి ఆయన పొడిచాడు, అవతల నుంచి ఆడవాళ్లు అరచేతులతో గుద్దారు. నీళ్లు పట్టని గోడ కాబట్టి విరిగింది. నెల రోజులు బాగా తడిసిన గోడ అయి ఉంటే అమ్మ గురించి నేనిప్పుడు వేరే విధంగా రాయవలసి వచ్చేది. అందరూ బతికి బయటపడ్డారు. అమ్మ ఎన్నో రోజులు నల్లగా ఉమ్మింది, ఆ దగ్గు నేటికీ పోలేదు.

మర్నాడు గుత్తేదారు అందరినీ నిలబెట్టాడు. రవ్వలు ఎందుకు పడ్డాయని అడగలేదు. షీట్లు అక్కడ ఎవరు పెట్టించారని అడగలేదు. సిద్ధాంతి, ఏదో అపచారం జరిగింది అన్నాడు. ఎవరో మెల్లగా అవ్వ పేరు చెప్పారు. మాతో గిన్నె పంచుకున్న ఇళ్లన్నీ నేల చూశాయి.

“అవ్వా, దిష్టికాయ వండుకు తిన్నవా?” అన్నాడు గుత్తేదారు.

“తిన్న బిడ్డా. జర ఉప్పు తక్కువైంది.”

ఎవరూ నవ్వలేదు. దగ్గుతూనే అమ్మ ముందుకు వచ్చింది. అత్తకు ఎదురు చెప్పడమే తప్ప అత్త తరఫున ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

“గోడ వెట్టిచ్చినోడు కనవడలేదా మీకు? కూరొండిన ముసల్ది కనవడ్డదా?”

గుత్తేదారు బాపు వైపు తిరిగాడు. “మేస్త్రీ, ముసల్దాన్ని ఊరికి తోలు. లేకుంటే అందరు మూట గట్టుండ్రి.”

బాపు తోలాడు. బస్టాండులో కోస్గి బస్సు కిటికీలోంచి అవ్వ అడిగిన మాట నా చెవిలో ఉంది. “కొడుకా, నేను పోతె గోడ గూడ పోతదా?”

“బస్సు కదుల్తాంది, చెయ్యి లోపల వెట్టుకో” అన్నాడు బాపు.

మళ్లీ పూజ జరిగింది, మళ్లీ కాయ పగిలింది. ముక్కలు ఎవరూ ముట్టుకోలేదు. రోడ్డు మీది ఆవు ఒకటి వచ్చి అన్నీ తినేసి పోయింది. దాన్ని ఎవరూ ఊరికి పంపలేదు, కొందరు తోక తాకి కళ్లకద్దుకున్నారు. బాపు ఈశాన్యం గోడలు మళ్లీ కట్టాడు. ఈసారి ట్యాంకరు రోజూ వచ్చింది.

సెల్లార్‌లో ఉన్నవాళ్లవి మా చుట్టుపక్కల ఊళ్లే. అవ్వ కంటే ముందే ఆమె కథ ఊరు చేరింది. దిష్టి తిన్నది అనే పేరు పడింది. అంతే, ఏ బాలింతా తన బిడ్డను ఆమె కాళ్ల మీద పెట్టలేదు. నేను సెలవులకు వెళ్లినప్పుడు అవ్వ అరుగు మీద ఊరికే కాళ్లు బారజాపుకుని, పక్కింట్లో పసిబిడ్డ ఏడుస్తుంటే వింటూ కూర్చునేది. “నీళ్లు మస్తు వేడిగున్నట్టుంది, చెప్పి రాపో” అనేది నాతో. నేను వెళ్లి చెబితే వాళ్లు తలుపు వేసుకునేవాళ్లు. పోయేదాకా ఆమె అట్లాగే బతికింది. గుమ్మడికాయ పులుసు మాత్రం మానలేదు.

పెద్దయ్యాక బాపును ఒకసారి నిలదీశాను. నిజం తెలిసీ ఎందుకు పంపావని.

“తెల్వదా బిడ్డా? తెల్సు. గోడ కట్టిందే నేను. గని అందరు ఒక్క తీరు చెప్తాంటే, నా కండ్లతోని చూసిందే నాకు అబద్ధమనిపిచ్చింది.”

మూఢనమ్మకం అంటే తెలియనితనం అని పుస్తకాలు చదువుకున్నవాళ్లు అంటారు. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. తెలిసినవాడి నోరు మూయించే నలుగురి మాట అది. సేటుకు అది గోడ ఖర్చుతో పోయింది. మా అవ్వకు అది పసిబిడ్డల ఏడుపు దూరం నుంచి వినే ముసలితనంగా మిగిలింది.

పోయిన నెల ఆ వాసన పట్టుకుని నేను లోపలికి వెళ్లాను. పరదా బయటికే, లోపల దుకాణాలు అప్పటిలాగే నడుస్తున్నాయి. సెల్లార్‌లో మా పొయ్యి ఉన్న చోట కార్లు నిలబడి ఉన్నాయి. ప్లైవుడ్ సందు లేదు, చల్లగాలి ఇప్పుడు నాకు కూడా ఉచితమే. మూడో అంతస్తు ఈశాన్యం మూలకు పోతే, నేల నుంచి పైకప్పు దాకా పెద్ద అద్దం. కొత్త చీర భుజాన వేసుకుని ఒకావిడ తనను తాను చూసుకుంటోంది. ఆమె పక్కకు జరిగాక అద్దం అంచున గోడను పిడికిలితో కొట్టాను. వెనక ఖాళీ ఉన్న గోడ మోగే తీరు మేస్త్రి బిడ్డకు తెలుసు. కాపలా అతన్ని రెండో మెట్లు ఎక్కడ అని అడిగాను.

“లిఫ్టున్నది గద మేడం, కాళ్లెందుకు నొప్పిచ్చుకుంటరు?” అన్నాడు. నకిరేకల్ అబ్బాయట. ఆ అద్దం వెనక మెట్లున్నాయని చెబితే నవ్వాడు, తర్వాత గోడ మీద చెవి పెట్టి తనే ఒకసారి కొట్టి చూశాడు, నవ్వు ఆగింది. మేనేజరు వచ్చాడు. ఆ మూల సంగతి అడగొద్దు, వాస్తు విషయం అన్నాడు. నేను అగ్నిమాపక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఒక్కదాని ఫిర్యాదు. ఇంకా ఎవరూ రాలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ వారం మీరు ఏ మాల్‌కు వెళ్లినా, ఒక్క చీర కూడా ముట్టుకోకముందు రెండో మెట్లు ఎక్కడో అడగండి. చూపించిన తలుపును మీ చేత్తో తోయండి. తెరుచుకోకపోతే కొనకండి, బయటికి రండి, మీ వెనక వచ్చేవాళ్లకు చెప్పండి, రాసివ్వండి. రేపు ఎక్కడైనా పొగ లేచి, ఎవరో ముసలమ్మ ఏదో తిన్నదట అని నలుగురూ గుసగుసలాడుతుంటే, మీరు ఐదోవారిగా గొంతు కలపకండి. గోడ ఎవరు కట్టించారని అందరూ వినేటట్టు అడగండి.