తప్పు నొక్కిన జవాబులు

రీస్ వోలోషిన్ మా ఇంట్లో ఉండి ఆడటం అది రెండో చలికాలం. దూరపు ఊళ్ల నుంచి వచ్చిన ఐస్ హాకీ కుర్రాళ్లను మా ఊళ్లో తలా ఒక ఇంటికి పంచుతారు. మా వంతుకు వీడు వచ్చాడు. పద్దెనిమిదేళ్లు, తలుపు నిండే ఒళ్లు. మంచు మీద వాడు డిఫెన్స్. మా గోల్‌కీపర్ జోలికి ఎవరొచ్చినా గ్లవ్స్ పారేసి కలబడేవాడు. అప్పుడు జనమంతా లేచి అరిచేవారు. బడి మానేశాక నా పని ఆట జరిగే రింక్ క్యాంటీన్‌లో. ఫ్రైలు వేయిస్తూ అక్కడి నుంచే చూసేదాన్ని. నా కన్ను వాడి తల మీదే ఉండేది.

సీజన్ ముందు ఆగస్టులో కుర్రాళ్లకు తల పరీక్ష పెడతారు. కంప్యూటర్‌లో కొన్ని మాటలు చూపించి, ఏవి గుర్తున్నాయో నొక్కమంటారు. తర్వాత తలకు దెబ్బ తగిలితే మళ్లీ పెట్టి, పాత మార్కులతో పోలుస్తారు.

"కావాలనే తప్పులు నొక్కా ఆంటీ. ఇప్పుడు తక్కువొస్తే రేపు దెబ్బ తగిలినా తేడా కనబడదు. సీనియర్లు చెప్పారు" అని అమ్మ పెట్టిన బంగాళాదుంప పెరోగీలు నములుతూ నవ్వాడు రీస్.

"మొద్దులా కనబడటానికి నువ్వంత కష్టపడాలట్రా?" అంది అమ్మ.

జనవరిలో ఒక కొట్లాటలో హెల్మెట్ ఊడి, వాడి తల వెనక మంచుకు కొట్టుకుంది. మర్నాడు ఫ్రిజ్‌లో పెట్టబోయి పాలడబ్బా తీసుకెళ్లి బట్టల అలమరలో పెట్టాడు. వెలుతురు పడక కిటికీ తెరలు మూసుకున్నాడు. పరీక్ష పెడితే మార్కులు ఆగస్టులో వచ్చినట్టే వచ్చాయి. శనివారం ఆటకు పెద్ద లీగు నుంచి ఆటగాళ్లను ఏరుకునే ఒకాయన వీణ్ణి చూడటానికే వస్తున్నాడు.

కుర్రాళ్ల దెబ్బలు చూసే గ్లెన్ గురువారం క్యాంటీన్ దగ్గర కాఫీ తాగుతున్నాడు. రీస్ వచ్చి నిలబడ్డాడు.

"తల దిమ్ముగా ఉంది గ్లెన్. శనివారం ఆడలేను."

"మార్కులు బాగానే ఉన్నాయి కదరా."

బల్ల మీద కూర్చుని స్కేట్లు కట్టుకుంటున్న కుర్రాళ్లు ఇది విన్నారు.

"వోలోషిన్‌కి వణుకు పుట్టిందిరోయ్! అవతలి జట్టులో ఆ పొడుగోడున్నాడుగా!"

రీస్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆగస్టులో మోసం చేశాను. తెలిసినవే తప్పు నొక్కాను."

గ్లెన్ కప్పు కింద పెట్టాడు. "పోయినేడాది కూడానా?"

రీస్ తలూపాడు.

"ఆ మార్కులు నమ్మే కదరా నిన్ను మంచు మీదికి పంపాను! ఇంకెవరు చేశారు?"

కుర్రాళ్ల నవ్వు ఆగిపోయింది. అందరూ లేసుల వైపే చూస్తున్నారు. రీస్ ఎవరి పేరూ చెప్పలేదు.

"పోల్చడానికి నా దగ్గర ఏమీ లేదు. డాక్టరు సరేననేదాకా నువ్వు దిగేది లేదు. ఈ సీజన్ మర్చిపో."

"శనివారం ఆయన వస్తున్నాడు..."

"వస్తాడు. ఇంకొకణ్ణి చూసుకుని పోతాడు."

శనివారం మధ్యాహ్నం వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. ఆయన గొంతు వంటింటి దాకా వినబడింది.

"జట్టులో నీ పేరు లేదేంట్రా? నేను ట్రక్కులో సగం దారి వచ్చేశా!"

"కాలు బెణికింది నాన్నా" అని ఫోన్ పెట్టేశాడు రీస్.

అమ్మ గిన్నెలు కడగడం ఆపింది. "ఏ కాలు?"

వాడు వంటింట్లోకి వచ్చి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఆయన వచ్చేలోగా తేల్చుకో. ఏ కాలితో కుంటాలో."

వాడు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మెడ దాకా ఎర్రగా కందిపోయింది. నేను చూడలేక చూపు తిప్పేసుకున్నాను. అప్పుడు ఫోన్ తీసిన చప్పుడైంది.

"నాన్నా, బండి పక్కకి ఆపు. నీకొకటి చెప్పాలి."