కృపానందం పంతులూ, కూలిన గోడా

కృపానందం పంతులంటే నాకు ఏనాడూ గౌరవం కలగలేదు. చదువు చెప్పినవాణ్ణి అలా అనకూడదంటారు. ఆయన చెప్పిన చదువు తక్కువ, ఈసడింపులు ఎక్కువ. కాబట్టి అంటాను.

శాలిబండ దాటి ఉప్పుగూడ స్టేషను వైపు పోయే దారిలో మిషను వాళ్లది ఒక చిన్న బడి ఉండేది. రెండు గదులు, ముందొక వాకిలి, పైన పెంకులు. రైల్వే కూలీల పిల్లలం, మెదక్ వైపు నుంచి బతకడానికొచ్చిన క్రైస్తవుల పిల్లలం, ఆ గల్లీలోని ముస్లిం ఇళ్ల పిల్లలం కలిసి చదువుకునేవాళ్లం. ఆ బడికి 1934లో గుంటూరు నుంచి ఆయన పెద్దపంతులుగా వచ్చాడు. ఎండాకాలంలో కూడా నల్లకోటు విప్పేవాడు కాదు. ఎవరైనా "గిట్ల" అన్నా "ఏంది" అన్నా బెత్తం లేచేది.

"మీది తెలుగు కాదు, మీ నోట్లో తెలుగు ఇముడదు" అనేవాడు. దేవుడు కూడా గుంటూరు తెలుగులోనే వింటాడని ఆయన నమ్మకం.

బతుకమ్మ ఆడిన పిల్లను మర్నాడు నిలబెట్టేవాడు. పక్కింటి షౌకత్ బీ రంజాన్‌కు సేమ్యా పంపిస్తే గిన్నె వెనక్కి తిప్పి పంపేవాడు. కానీ ఏటా చలి మొదలయ్యే వేళకు చర్చిలో జరిగే కోతల పండుగలో మాత్రం ఆయనకు ఏ పట్టింపూ ఉండేది కాదు. కూలీ జనం ప్రార్థనకు తెచ్చిన గుమ్మడికాయలు, జొన్నకంకులు, సీతాఫలాలు బల్ల మీద పేరుస్తుంటే పక్కనే నిలబడి, మగ్గిన సీతాఫలాలన్నీ ఏరి తన బుట్టలో వేసుకునేవాడు.

"ఇవి రేపటికి ఆగవు, పాడైపోతాయి" అనేవాడు. ఆయన బుట్టలోకి చేరినవి ఎన్నడూ పాడైపోలేదు.

1940లో వర్షాలు వెనకబట్టి కురిశాయి. బతుకమ్మ మొదలయ్యే పెత్రమావాస్యకు ముందు ముసురు పట్టి, ఒక ఆదివారం బడి వెనకగోడ కూలిపోయింది. పైకప్పు సగం దానితోపాటు కిందికి దిగింది. లోపల పిల్లలెవరూ లేకపోవడమే అదృష్టం. పంతులు గొడుగేసుకుని వచ్చాడు, ముక్కు మూసుకుని చూశాడు, ముందు తలుపుకు తాళం వేశాడు. వెనక గోడే లేని ఇంటికి ముందు తాళం వేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"మిషనుకు కబురు పెట్టాను. వాళ్లు బాగు చేయించేదాకా బడి లేదు" అని చెప్పి ఇంటికి పోయి పడుకున్నాడు. జీతం మాత్రం ఆగదుగా.

బడిలో రెండో పంతులమ్మ లీలమ్మ. మెదక్ పిల్ల, అప్పటికి ఇరవై దాటి ఉండదు. ఆమె నేరుగా దస్తగీర్ మేస్త్రీ ఇంటికి పోయింది. ఆయన బిడ్డ సురయ్యా మాతోనే చదివేది.

"భాయ్, నీ వాకిట్ల పిల్లలను కూసోబెట్టుకుంట. గోడ లేచేదాంక" అన్నది.

"కూసోబెట్టుకో బేటీ. గోడ ఎవరు లేపుతరు మరి?"

"ఎవరో ఒకరు."

దస్తగీర్ నవ్వాడు. "గా ఎవరో నేనే గదా. సీదా చెప్పరాదా."

రంజాన్ మొదలైంది. పొద్దంతా రోజా, అంటే ఉపవాసం. పగలు ఎవరి పనో చేసి, సాయంత్రం ఇఫ్తార్ దాకా దస్తగీర్ మా గోడ మీద ఉండేవాడు. మేము బాధపడతామని, నోరు ఎండినా దాహమన్న మాట అనేవాడు కాదు. సెలవు దొరికిన రైల్వే కూలీలు రాళ్లు మోశారు. శాలిబండ సేటు ఒకాయన అడగకుండానే సున్నం పంపాడు. గుడిమల్కాపూర్ తోటల నుంచి బంతిపూలు తెచ్చి అమ్మే నాగమణమ్మ, బతుకమ్మ రోజుల్లో నెత్తి మీది పూలగంప దించేదే కాదు. గిరాకీ అంత ఉండేది. సద్దుల బతుకమ్మ అయిపోయిన మర్నాడే నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి అదే గంపతో మట్టి ఎత్తింది. ఆమెకు బడిలో చదివే పిల్లలే లేరు.

పంతులు అప్పుడప్పుడు వచ్చేవాడు. చేతికి మట్టి అంటకుండా దూరంగా నిలబడేవాడు.

"ఏమయ్యా దస్తగీరూ, గోడ వంకరగా ఉన్నట్టుందే?"

"గోడ సక్కగనే ఉంది పంతులూ. మీరు జర తల నిటారు పెట్టి సూడున్రి" అన్నాడు దస్తగీర్, తాపీ ఆపకుండా.

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పంతులుకు ఆ మాట అర్థం కాలేదని నేను చెప్పగలను. అర్థమైతే ఊరుకునే రకం కాదు.

దీపావళి నాటికి గోడ లేచింది, పెంకులు పడ్డాయి. నవంబరులో కోతల పండుగకు మిషను దొర వచ్చాడు. గల్లీ అంతా వచ్చింది. బెంచీలు అతిథులకని పంతులు వాళ్లను వాకిట్లోనే నిలబెట్టాడు. దస్తగీర్ ఉతికిన లాల్చీ వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చి ఆ ఎండలోనే నిలబడ్డాడు. లోపల పంతులు చేతులు జోడించి దొరకు చెప్పాడు: "ఈ మూఢజనం మధ్య ఒంటరిగా నిలిచి, దగ్గరుండి ఈ గోడ కట్టించాను."

లీలమ్మ లేచింది. వాకిలి వైపు చెయ్యి చూపింది.

"అబద్ధం. గోడ కట్టినాయన వాకిట్ల నిలబడ్డడు. రోజా ఉండి కట్టిండు. ఈ పంతులుగారు ఒక్క రాయి ముట్టలే."

దొరకు మా తెలుగు అందలేదు. చిరునవ్వు నవ్వి, బాగుంది బాగుంది అన్నాడు. పంతులును గోడ ముందు నిలబెట్టి ఫోటో తీయించుకుని, ఒక సీతాఫలం తిని, కారెక్కి పోయాడు. ఆ దొర తెలివి కూడా అంతే.

లీలమ్మ వాకిట్లోకి వచ్చి ఏడ్చింది. "జానే దో బేటీ" అన్నాడు దస్తగీర్. "పిల్లలు తడువకుంటే నాకు సాలు. నీకు నౌకరీ పోతదేమో, గదే ఫికర్." ఆమె నౌకరీ పోలేదు. మరుసటి ఏడు పంతులును సికింద్రాబాదులో పెద్దబడికి పంపారు. జనంతో కలిసిపోయి పనిచేసినందుకట! ఆయన సామాను ఎడ్లబండి ఎక్కుతుంటే గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లీలమ్మ పెద్దపంతులమ్మ అయింది.

1946లో ఆయన మళ్లీ వచ్చాడు. ఉద్యోగం అయిపోయింది, భార్య పోయింది, గుంటూరులో అన్నదమ్ములు రానివ్వలేదు. వాళ్లను నేను తప్పుపట్టను. ఎవరి గుమ్మం తొక్కాలో తెలియక దస్తగీర్ ఇంటికే వచ్చాడు. దస్తగీర్ వాకిటి పక్కన ఖాళీగా ఉన్న చిన్న అర్ర చూపించి ఉండమన్నాడు. ఆనాటి పక్కింటి షౌకత్ బీయే రెండు పూటలా తిండి పంపింది. ఈసారి గిన్నె వెనక్కి పోలేదు. ఇక మారాడనుకుంటారేమో! అన్నం తింటూ కారం ఎక్కువైందని గొణిగేవాడు. అద్దె అడగని మనిషి మాటలో తప్పులు దిద్దేవాడు.

"గీ ముసలాయనను ఎట్ల భరిస్తున్నవ్ భాయ్?" అని లీలమ్మ అడిగితే, "బయట వాన పడుతుంది గదా" అన్నాడట దస్తగీర్.

ఏడాది తిరగకుండానే పంతులు పోయాడు. చర్చి అయ్యగారు జ్వరంతో రాలేకపోతే, సమాధి దగ్గర రెండు మాటలు చెప్పమని లీలమ్మను అడిగారు. ఆమె బైబిలు వాక్యం చదివింది, ప్రార్థన చేసింది. ఆ తర్వాత ఆయన గురించి మంచి మాట కోసం చాలాసేపు వెతుక్కుంది. మేమందరం ఎదురుచూస్తున్నాం. చివరికి "వీరు మన బడిల పంతులుగ పనిచేసిన్రు" అని, పుస్తకం మూసి, ఒక గుప్పెడు మట్టి వేసి పక్కకు జరిగింది.