వోల్టేజీ లేదన్న రోజు

నా చిన్నప్పుడు చెన్నూరులో మా ఇంటి నడిమి అర్రకు పాత రైలు పట్టా ఒకటి దూలంగా ఉండేది. దాని మీద రాతి పలకలు పరిచి కప్పు వేశారు. ఆ పట్టాకు ఊయల తొట్టెల పొడవంత ఎడంతో రెండు ఇనుప కొండీలు వెల్డింగ్ చేసి ఉండేవి. అవి నా చెల్లె కోసం పెట్టించినవి. చెల్లె ఆ ఇంటికి రానే లేదు.

అవ్వకు, అంటే మా అమ్మకు, నెలలు నిండుతున్నప్పుడు బాపు వాటిని పెట్టించాడు. బస్టాండు తొవ్వలో దుకాణం ఉన్న ఆయనను ఊరంతా వెల్డింగ్ కాక అనేవారు. తలుపు కీలు ఊడినా, కిటికీకి జాలీ కావాలన్నా, బండి ఇరుసు విరిగినా ఆయనే రావాలి. కొండీలు పెట్టేనాడు మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, వద్దంది. బిడ్డ భూమ్మీద పడకముందే తొట్టెలకు ఏర్పాటు చేయకూడదని మా వైపు పెద్దల పట్టింపు. బట్టలు కుట్టించరు, పేరు అనుకోరు, దూలం వైపు చూడను కూడా చూడరు. బాపు నవ్వి, "గీ రోజుల్ల గివన్ని ఎవలు చూస్తున్నరే" అన్నాడు.

కరీంనగర్ దవాఖానాలో పుట్టిన చెల్లె రెండో పొద్దు చూడలేదు. అవ్వను అటు నుంచి అటే ఖానాపూర్ దగ్గర ఉన్న తల్లిగారింటికి తీసుకెళ్లారు. బాపు ఒక్కడే బస్సు దిగి వచ్చాడు.

ఆ తరువాతి రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. వంట అయ్యేది, తినేవాళ్లం. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఎవరూ అనలేదు. నేను బడికి పోయి వచ్చేవాణ్ని. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. బాపమ్మ కొడుకును ఒక్క మాటా దెప్పలేదు. బాపు మాత్రం నడిమి అర్రలో పడుకోవడం మానేసి మంచం అరుగు మీద వేసుకున్నాడు. అర్ర దాటాల్సి వచ్చినప్పుడు తల వంచుకొని నడిచేవాడు, కప్పు ఎక్కడ తగులుతుందో అన్నట్టు.

అవ్వ ఆదివారం వస్తుందని కబురు వచ్చింది. అక్కడ కూడా ఎవరితో మాట్లాడటం లేదని ఆ కబురులోనే ఉంది. ఆమె గడపలో కాలు పెట్టేలోపు కొండీలు అక్కడ ఉండకూడదని బాపు తీర్మానించుకున్నాడు. శనివారం పొద్దున్నే వెల్డింగ్ కాకకు మనిషిని పంపాడు.

కాక తోపుడు బండి మీద మెషీన్ తెచ్చాడు. నూనె నింపిన పెద్ద ఇనుప పెట్టె అది. మీటరు దగ్గర వైర్లు తగిలించి, నడిమి అర్రలోకి వచ్చి పైకి చూశాడు.

"పెట్టింది నేనే, కొయ్యాల్సింది గూడ నేనేనా పటేలా?"

"కొయ్యి కాకా. రేపు ఆమె వస్తది. జాడ గూడ కనవడొద్దు. గీకి రంగెయ్యి."

"అమ్మ కొయ్యమన్నదా?"

"ఆమెనేం అడుగుతం? ఎవలతోని మాట్లాడుతలేదు."

కాక హోల్డరుకు వెల్డింగ్ రాడు బిగించాడు. స్టూలు ఎక్కాడు. కొండీని చేత్తో తడిమాడు. రాడును ఇనుముకు ఆనించాడు. చిటుక్కున ఒక్క మెరుపు మెరిసి ఆగిపోయింది. మరొకసారి ఆనించి, తల అడ్డంగా ఊపి కిందికి దిగాడు.

"వోల్టేజీ లేదు పటేలా. రాడు అంటుకుంటుంది గని మండుతలేదు."

"మరి ఆక్సా బ్లేడుతోని కొయ్యరాదా?" అంది బాపమ్మ.

"బ్లేడు జారితే పట్టాకు గాటు వడ్తది పెద్దమ్మా. ఇంటి బరువంత దాని మీదనే ఉన్నది. జర ఆగుండ్రి."

మా ఇంటి గోడ అవతలే పిండిగిర్ని. వోల్టేజీ తగ్గితే దాని మోటారు ముసలి ఎద్దులా మూలిగేది. ఆ పొద్దున అది గోడ అదిరేలా తిరుగుతోంది. నేను ఊరుకోలేకపోయాను.

"గిర్ని మంచిగనే నడుస్తుంది గద కాకా?"

ఆయన వైరు చుట్టడం ఆపి నన్ను చూశాడు. "గిర్నిది వేరే లైను చిన్నపటేలా. కరెంటాఫీసుల నౌకరి ఎప్పుడొచ్చింది నీకు?"

బాపమ్మ పెదవులు కొద్దిగా కదిలాయి. ఆ రోజుల్లో ఆ ఇంట్లో నవ్వుకు దగ్గరగా వచ్చింది అదొక్కటే. బాపు గిర్ని చప్పుడు వస్తున్న గోడ వైపు కాసేపు చూసి, "సరే, రేపు రా" అన్నాడు.

"రేపు ఆదివారం. పని ముట్ట. గని వస్త" అని కాక బండి తోసుకుపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు మా మేనమామ అవ్వను తీసుకొచ్చాడు. ఆమె కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చి, అందరం భయపడినట్టే, ముందుగా పైకి చూసింది. అలాగే గోడకు ఆనుకొని కూర్చుంది. బాపు వాకిట్లోనే నిలబడిపోయాడు.

కొద్దిసేపటికి కాక వచ్చాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉంది. మెషీన్ లేదు, బండి లేదు. గడప బయటే నిలబడి అవ్వతో అన్నాడు.

"అమ్మా, గీ కొండీలు పెట్టింది నేను. పటేలు కొయ్యమంటుండు. నిన్ను అడగకుంట నా చెయ్యి ఆడలే. నువ్వెట్లంటే అట్ల."

అవ్వ మరోసారి కొండీల వైపు చూసింది. కాక తొందరపెట్టలేదు. చివరికి ఆమె బాపును అడిగింది.

"తొట్టెల గూడ కొన్నవా?"

"లే" అన్నాడు బాపు.

"ఒకటి కొయ్యి కాకా. ఒకటి ఉండనియ్యి."

బాపమ్మకు అర్థం కాలేదు. "ఒక్కటెందుకు బిడ్డా? ఒక్కదానికి తొట్టెల కట్టరాదు గద."

"గందుకే" అంది అవ్వ.

దవాఖానా నుంచి వెళ్లాక ఆమె నోట నేను విన్న మొదటి మాటలు అవి. ఇక తొట్టెల కోసం ఎదురుచూసే ఇల్లు కాదు అది. ఒకప్పుడు ఒక బిడ్డ కోసం ఎదురుచూడని ఇల్లు కూడా కాదు. ఈ రెండూ ఆమె అలా చెప్పిందని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

సోమవారం కాక మెషీన్ తెచ్చి ఒక కొండీని కోశాడు. గిర్ని శనివారం తిరిగినట్టే తిరుగుతోంది. వోల్టేజీ సంగతి ఎవరూ ఎత్తలేదు. కోసిన కొండీని బకెట్ నీళ్లలో ముంచి, చల్లారిందో లేదో తన అరచేతిలో పెట్టుకొని చూసి, బాపుకు కాదు, అవ్వకు ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టుకొని లోపలికి వెళ్లింది. ఎవరూ ఏడవలేదు. బాపు మాత్రం ఆ సాయంత్రం మంచాన్ని మళ్లీ నడిమి అర్రలో వేసుకున్నాడు. మిగిలిన కొండీకి ఒక్కోసారి ఉల్లిగడ్డల గంప వేలాడేది, ఒక్కోసారి ఏమీ ఉండేది కాదు.

తరువాత పత్రికలో పనిచేస్తూ ఎన్నో చావు ఇళ్లకు వెళ్లాను. దుఃఖంలో ఉన్న మనిషి కోసమని చుట్టూ ఉన్నవాళ్లు వస్తువులు మాయం చేస్తుంటారు. మంచం, చెప్పులు, ఫోటో. ప్రేమతోనే చేస్తారు. ఆ మనిషిని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

ఈ వానకాలం మా ఇంటావిడ పోయింది. కరీంనగర్‌లో మా ఇంటి మెట్ల పక్కన స్టీలు పైపు ఒకటి ఉంది. ఆమె మోకాళ్ల నొప్పులకు పట్టుకొని ఎక్కడానికి వాడకట్టులోని వెల్డర్‌తో పెట్టించాం. ఆమె పొట్టి మనిషి కాబట్టి పైపు కూడా కిందికే ఉంటుంది. నాకు నడుము వంచితే గానీ అందదు. మొన్న మా అబ్బాయి ఆ వెల్డర్‌ను పంపాడు. స్కూటర్ ఎక్కించడానికి అడ్డం వస్తోందట. నేను రోజూ దాన్ని చూడకూడదన్నది అసలు సంగతని నాకు తెలుసు. వాడికి మా బాపు పోలిక.

కుర్రాడు భుజానికి తగిలించుకొచ్చిన చిన్న మెషీన్‌ను మెట్టు మీద దించి, వైరును లోపల ప్లగ్గులో పెట్టాడు. "పెద్దాయనా, జర పక్కకు జరుగుండ్రి, నిప్పులు వడ్తయి" అన్నాడు.

"ఇయ్యాల వోల్టేజీ లేదు. రేపు రా" అన్నాను.

అతను తలుపులోంచి లోపలికి చూశాడు. ఫ్యాను నిండు వేగంతో తిరుగుతోంది. నన్ను చూశాడు. వైరు చుట్టుకొని వెళ్లాడు.

నేను నడుము వంచి ఆ పైపు పట్టుకొని ఒక మెట్టు దిగాను. ఎంత కొయ్యాలో, ఎంత ఉండనియ్యాలో రేపటికి నేనే చెప్పాలి.