ఖాళీ గిన్నె ఇవ్వకూడదట

మా ఆవిడ పోయి నెల తిరిగేసరికి మా వంటింట్లో గరిటె పెట్టడానికి చోటు లేకుండా పోయింది. గట్టు నిండా గిన్నెలు. మావైతే గొడవే లేదు. అన్నీ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళవి. స్టీలు గిన్నెలు, టిఫిన్ డబ్బాలు, గాజు బౌళ్ళు, ఒళ్ళొక రంగు మూతొక రంగు ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు. పొయ్యి పక్కన, ఫ్రిజ్ నెత్తిన, ఆఖరికి ఆవిడ కుట్టుమిషను మీద కూడా అవే.

సమాధి చేసిన రోజు నుంచి మొదలైంది. మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. ఒక పూట చర్చి సంఘంవాళ్ళు, ఒక పూట కాలనీవాళ్ళు వండి తెచ్చారు. మంచిదే, కాదనను. ఇంటి నిండా చుట్టాలు, వాళ్ళకి అన్నం పెట్టాలి కదా. కానీ చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆగలేదు. గేటు చప్పుడు: "అంకుల్, కొంచెం సాంబారు." మళ్ళీ గేటు చప్పుడు: "మీకు చేపల పులుసు ఇష్టమని ఆంటీ అనేవారు అంకుల్." మనిషిని ఏడవనివ్వరా? ఒక మూల ముడుచుకుని కూర్చుందామంటే కుదరదు. లేవాలి, తలుపు తియ్యాలి, మొహం మీదికి నవ్వు తెచ్చుకోవాలి, మూత తీసి "అబ్బో, ఘుమఘుమలాడిపోతోందమ్మా" అనాలి.

"తినేసి, కడిగి ఇచ్చెయ్యొచ్చు కదా నాన్నా?" అంది మా అమ్మాయి బొల్లారం నుంచి ఫోన్ చేసి. ఇచ్చెయ్యొచ్చు. ఇవ్వనిస్తేగా వాళ్ళమ్మ! మనిషి పోయినా ఆవిడ పెట్టిన చట్టం పోలేదు. ఎదుటివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదట. అదీ చట్టం.

ఇది మా పెళ్ళయిన కొత్తలో మొదలైన గొడవ. మాది బందరు వైపు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ సికింద్రాబాదులోనే. మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి "ఏవండీ, మీరు" అంటారు. ఈవిడ పెళ్ళయిన వారానికే "నువ్వు"లోకి దిగింది. అదేమిటంటే, "దేవుణ్ణే నువ్వంటున్నం గదా ప్రార్థనల. నువ్వు దేవునికన్న పెద్దోనివా?" అంది. నేను గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాని. దేవుడితో పోటీకి ఎక్కడ దిగుతాను?

అప్పట్లో కాప్రాలో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. రంజాన్ రోజున కింద ఓనరుగారి భార్య గిన్నెడు షీర్ ఖుర్మా పంపింది. ఇద్దరం లొట్టలేసుకుంటూ తిన్నాం. మర్నాడు ఆఫీసుకి వెళ్తూ, కొత్త పెళ్ళానికి కాస్త సాయం చేసినట్టుంటుందని, ఆ గిన్నె శుభ్రంగా తోమి, తుడిచి, కింద ఇచ్చేసి పోయాను. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఈవిడ మెట్ల మీదే కాచుకుని ఉంది.

"గిన్నె ఇచ్చినవా?"

"ఇచ్చాను."

"ఏం పెట్టి ఇచ్చినవ్?"

"పెట్టడమేమిటి? కడిగి ఇచ్చాను."

"కడిగి ఇచ్చిండట! పెద్ద ఘనకార్యం చేసిండు. ఖాళీ గిన్నె ఎవరన్న ఇస్తరా గిట్ల? మన ఇంట్ల ఏం లేదా? నా ఇజ్జత్ తీసినవ్ గదా!"

అంటూ ఇంట్లో ఉన్న రెండు అరటిపళ్ళు పట్టుకుని కిందికి పరుగెత్తింది. రాత్రి పెరుగన్నంలోకి నేను దాచుకున్న పళ్ళు అవి. ఇప్పటికీ అడుగుతాను, నేను చేసిన తప్పేమిటి? ఎవరి గిన్నె వాళ్ళకిచ్చాను. దొంగతనం చేశానా, దోపిడీ చేశానా?

తర్వాత సైనిక్‌పురి పక్కన ఈ ఇల్లు కట్టుకున్నాం. వీధిలో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. మిలిటరీలో చేసి రిటైరైనవాళ్ళు, మా కోస్తావాళ్ళు, ఇక్కడివాళ్ళు, తమిళంవాళ్ళు. ఇంకేం, ఈవిడకి పండగే. మా ఇంటి నుంచి దొండకాయ వేపుడు వెళ్తుంది. ఆ గిన్నెలో సున్నుండలు వస్తాయి. సున్నుండలొచ్చాయి కదా అని క్రిస్మసుకి వాళ్ళకి కేకు ఒక ముక్క ఎక్కువ వెళ్తుంది. ఆ పళ్ళెంలో ఉగాదికి బూరెలు వస్తాయి.

"ఇది ఎక్కడ ఆగుతుందే?" అని ఒకసారి తల పట్టుకుని అడిగాను.

"ఎందుకు ఆగాలె?" అంది.

మా ఇంట్లో కూర మేం వేడివేడిగా తిన్న పాపాన పోలేదు. ముందు పక్కింటికి తీసి, మూత పెట్టి, మీద అల్లిక గుడ్డ కప్పి, "జెర ఇచ్చి రాపో" అనేది. ఆఫీసులో ప్రమోషనొచ్చి నా కింద నలుగురు పనిచేసే రోజుల్లో కూడా వీధిలో నేను బంట్రోతునే. ఇంట్లో ఏమీ లేని రోజున పెరట్లో కరివేపాకు రెబ్బలు పెట్టేది. లేకపోతే చెంచాడు పంచదార. బజారు నుంచి తెచ్చిన బిస్కెట్ పొట్లమో, మిఠాయి డబ్బానో పెడదామంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "దుకాణంలది వాళ్ళు కొనుక్కోలేరా? మన ఇంట్లది పెట్టాలె." మరి పంచదార కొట్లో కొన్నది కాదా అంటే, "మన డబ్బల పోసినంక మనదే" అంది. ఇదంతా బైబిల్లో ఎక్కడుందో చూపించమని నిలదీశాను. "ఇడ్లీ బైబిల్ల ఉన్నదా? రోజు తింటలేవా?" అంది. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం చెప్పండి. ముప్ఫై ఏళ్ళకి పైగా వాదించాను. ఒక్కసారి గెలవలేదు.

ఈ వానాకాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నారు. తర్వాత నెమ్ము అన్నారు. ఆ తర్వాత గుండె అన్నారు. ఆఖరి మాట ఏం చెప్పిందని అందరూ అడుగుతారు. పాస్టరుగారు కూడా అడిగారు. ఏదో బైబిలు వాక్యం చెప్పి కన్ను మూసి ఉంటుందని ఆయన ఆశ. "పాలు పొంగిపోతున్నయ్, జెర స్టవ్ బంద్ చెయ్" అంది. ఆస్పత్రి మంచం మీద ఉన్నానన్న సంగతి కూడా తెలియలేదు పిచ్చిదానికి. నేను "ఆపేశానే" అన్నాను. అంతే. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. డాక్టర్ల మీదా, దేవుడి మీదా, ఆవిడ మీదా. ఇప్పటికీ పోలేదు. సమాధి తర్వాత ప్రార్థనకి పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆవిణ్ణి "సాత్వికురాలు" అన్నారు. సాత్వికురాలట! పాపం ఆయనెప్పుడూ ఆవిడకి గిన్నె ఖాళీగా ఇచ్చి ఉండరు.

సరే, ఈ గిన్నెల గోల. మొదట్లో బుద్ధిగా పెరట్లో కరివేపాకు కోసి, తలా రెండు రెబ్బలు వేసి కొన్ని ఇళ్ళకి ఇచ్చి వచ్చాను. హమ్మయ్య, వదిలింది అనుకున్నాను. ఏం వదలడం? "అయ్యో, అంకుల్ ఒక్కడే ఉండి కూడా ఆంటీలాగే గిన్నెలో వేసి ఇచ్చారు" అని వాళ్ళకి జాలి రెట్టింపైంది. రెండు రోజులు తిరక్కుండా అవే గిన్నెల్లో పులిహోర, వంకాయ కూర, ఏదో పాయసం. వాళ్ళని చూసి అంతకుముందు పంపనివాళ్ళు కూడా మొదలుపెట్టారు. నేను మళ్ళీ కరివేపాకు కోశాను. వాళ్ళు మళ్ళీ పంపారు. చెట్టు బోడిగుండైంది గానీ గిన్నెలు తరగలేదు.

ఇంకో తలనొప్పి, ఏ గిన్నె ఎవరిదో తెలియదు. స్టీలు గిన్నె మీద పేరు చెక్కి ఉంటుంది కదా అంటారు. ఆ పేరు ఇంటావిడది కాదు, పెళ్ళిలో చదివించినవాళ్ళది. ఎక్కడో తెనాల్లో ఉన్న మేనత్త పేరు చూసి నేను ఏ గేటు కొట్టాలి? మా ఆవిడకైతే మూత చప్పుడు వింటే తెలిసిపోయేది. నాకు ఒక్క ముక్క చెప్పిందా? చెప్పలేదు.

"ఏ.ఎస్. రావు నగర్‌లో తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ కొని అందులో పడేసి ఇచ్చెయ్ నాన్నా" అంది మా అమ్మాయి.

"కొట్లోది పెట్టకూడదే."

"అమ్మ లేదు కదా నాన్నా ఇప్పుడు, ఎవరు చూస్తారు?"

ఫోన్ పెట్టేశాను. ఆ మాటకి ఒళ్ళు మండింది. కానీ ఆలోచిస్తే అందులో తప్పేముంది? లేదు కదా. వచ్చి అడగబోతుందా? గిన్నెలన్నీ ఖాళీగా ఇచ్చేస్తే వాళ్ళే అర్థం చేసుకుని మానేస్తారు. నా ఇంట్లో నేను, నా మానాన నేను, గంజో గటకో తాగి పడుంటాను. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ మాటే నెగ్గింది. ఈ ఒక్కసారి నాది నెగ్గనీ అనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక గిన్నెలన్నీ రెండు పెద్ద కూరగాయల సంచుల్లో సర్దుకుని బయల్దేరాను. గేటు కొట్టడం, సంచి నోరు తెరిచి పట్టుకోవడం, "ఇందులో మీదేదో తీసుకోండమ్మా" అనడం. మొదటి ఇంటావిడ గిన్నె తీసుకుంది. అలవాటు కొద్దీ మూత తీసి లోపలికి చూసింది. మొహం చిన్నబోయింది. "ఉండనివ్వాల్సింది అంకుల్, తొందరేముంది" అంది. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంటావిడ లోపలికి చూసి, నా వైపు చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎందుకు ఒత్తుకుందో నాకు అర్థం కాలేదు, విసుగొచ్చింది. గబగబా తిరిగాను. సంచులు తేలికవుతున్నాయి గానీ నా గుండె మాత్రం తేలిక కావడం లేదు.

ఆఖరున మిగిలింది వెనక వీధిలో పెద్దావిడ గిన్నె. ఆవిడ భర్త మిలిటరీలో చేసి, రిటైరై, పోయాడు. ఒక్కతే ఉంటుంది. నాకంటే పెద్దది. సాయంత్రాలు మా ఆవిడా ఈవిడా ఈ ఇంటి అరుగు మీద కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ ఉతికి ఆరేసేవాళ్ళు. మొన్న ఆ గిన్నెలో సర్వపిండి పంపింది.

"ఇదిగో అక్కా, మీ గిన్నె."

మూత తీసింది. "ఖాళీగున్నది."

"అవును. కడిగి తెచ్చాను."

"ఖాళీది నేను తీస్కోను తమ్మీ. తీస్కపో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎక్కడి నుంచి తెచ్చి పెట్టనక్కా? నాకు వండడం రాదు. చెట్టున ఆకు లేదు. మీ గిన్నె మీరు తీసుకోవడానికి ఏం నొప్పి? అందరూ కలిసి నన్ను చంపుకు తింటున్నారేమిటి?" అని వీధి అంతా వినపడేలా అరిచాను.

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక గిన్నె తెచ్చి నా ముందు పట్టుకుంది. మా గిన్నె. అంచు సొట్టపోయింది. ఎన్నిసార్లు మోశానో, చూడగానే పోల్చుకున్నాను.

"దవాఖానకు పోయే ముందటి దినం గోంగూర పప్పు పంపింది మీ ఆమె. తిన్న, కడిగిన. మక్కగారెలు చేసి పెట్టి ఇద్దామనుకున్న. గంతలనే పాయె." గిన్నెని కొంగుతో తుడిచింది, మురికేమీ లేకపోయినా. "రోజు తీస్త, చూస్త, మల్ల పెడత. ఇచ్చేస్తె ఆమెకు నాకు ముచ్చట ఒడిసిపోయినట్టే గదా తమ్మీ. నాకింక ఒడవలే."

ఆ అరుగు మీదే కూలబడ్డాను. ఇంటింటికీ తిరిగి నేను చెప్పి వచ్చింది అదే కదా. అయిపోయింది, మా ఆవిడతో మీకింక అయిపోయింది అని, గేటు గేటుకీ చాటింపు వేసినట్టు చెప్పి వచ్చాను. సమాధి దగ్గర ఏడవనివాణ్ణి అక్కడ ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆ పెద్దావిడ "ఊకో తమ్మీ" అనలేదు. పక్కన కూర్చుంది, అంతే. మా గిన్నె ఒళ్ళోనే పెట్టుకుంది. అది నాకివ్వలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే కందిపప్పు నానబోశాను. నానబోయాలో అక్కర్లేదో కూడా తెలియదు. టమాటాలు కోశాను, వేలు కోసుకున్నాను. పప్పు అడుగంటింది, పోపు మాడింది. ఇంత చిన్న పనికి ఇన్ని సామాన్లు ఎందుకు కావాలో ఆ దేవుడికే తెలియాలి. అటక మీద నుంచి మా గిన్నెలు, అచ్చంగా మావి, దింపి కడిగి, మాడని భాగం చూసి చూసి అందులో వేసి, నిన్న తిరిగిన గేట్లన్నీ మళ్ళీ తిరిగాను. పెద్దావిడ గిన్నె కూడా నింపి ఇచ్చాను.

మొదటి ఇంటావిడ మూత తీసి వాసన చూసింది. "మీరే చేశారా అంకుల్?" అంది, నవ్వు ఆపుకుంటూ.

"మరి ఎవరు చేస్తారమ్మా?" అని కసిరాను.

మా గిన్నెలన్నీ ఇప్పుడు వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నాయి. ఒక్కరిని ఖాళీగా తిరిగి తెమ్మనండి, వాళ్ళ సంగతి చెప్తాను.